టేపు మేస్త్రి కొలత

మా బావని అందరూ టేపు మేస్త్రి అంటారు. ఎందుకంటే ఆయన జేబులో ఏనాడూ టేపు ఉండదు. పేర్లు పెట్టడంలో జనానికి ఉండే కొంటెతనం అది. రెండు చేతులూ బారచాపితే ఆరడుగులు. మోచేతి నుంచి మధ్యవేలి కొస దాకా అడుగున్నర. నేల మీద నిటారుగా నిలబడి కుడిచెయ్యి పైకెత్తితే వేలి కొసకి ఏడున్నర అడుగులు. ఇవీ ఆయన కొలతలు. ముప్పై ఎనిమిదేళ్లుగా వీటితోనే గేట్లు, ట్యాంకు స్టాండ్లు, లారీ బాడీలు కట్టాడు. అనుమానం ఉన్నవాళ్లు సొంత టేపు తెచ్చి కొలుచుకుని, ముఖం చిన్నబుచ్చుకుని వెళ్లిపోయేవాళ్లు.

"నా కొలత తప్పిన రోజున ఈ హోల్డర్ కింద పెట్టేసి ఇంట్లో కూర్చుంటా," అనేవాడు. వెల్డింగ్ రాడ్డు బిగించే పిడిని మేం హోల్డర్ అంటాం. ఈ మాట వారానికి ఒక్కసారైనా ఆయన నోట రాకపోతే, ఒంట్లో బాగోలేదేమోనని మా అక్క ఆయన నుదుటి మీద చెయ్యి వేసి చూసేది. ఆ మాటే చివరికి ఆయన మెడకి చుట్టుకుంది. ఎలాగో చెప్తాను.

నేను ఆయనకి బావమరిదిని. షెడ్డులో రంగులు వెయ్యడం, కరెంటు వైర్లు లాగడం నా పని. బావ లెక్కలో అది పని కిందికి రాదు. "ఇనుము ముట్టనివాడు పనివాడేంట్రా?" అంటాడు. మా అక్క అదే షెడ్డులో ఒక మూల కుట్టుమిషను వేసుకుని టార్పాలిన్లు, సీటు కవర్లు, తెరలు కుడుతుంది. ఆవిడ మెడలో గుడ్డ టేపు ఎప్పుడూ వేలాడుతూ ఉంటుంది. ఆ టేపుని చూస్తే బావకి ఒళ్లు మంట. అన్నం పెట్టేటప్పుడైనా తీసెయ్యవే అని ఎన్నిసార్లు గొడవపడ్డాడో లెక్కలేదు.

ఒకరోజు పొద్దున్నే ఒకావిడ షెడ్డు ముందు జీపు దిగింది. కనుబొమ్మల నుంచి బూట్ల దాకా దుమ్మే. రోడ్డన్నది లేనిచోట, ఇసుకలో, గుట్టల మీద, వాగుల్లో కార్లు పరిగెత్తించే పందేలు ఉంటాయట. వాటిల్లో ఆవిడ డ్రైవరు. పేరేదో చెప్పింది గానీ, అప్పటికే మా అక్క దుమ్ము మేడమ్ అని పెట్టేసింది. ఇక అదే ఖాయమైపోయింది. ఆవిడ జీపు వెనకాలే ఒక లారీ పాత ట్రైలర్‌ని ఈడ్చుకొచ్చింది. నలభై అడుగుల పొడవు, నాలుగు వైపులా మూసిన రేకు డబ్బా, లోపల తొమ్మిదడుగుల ఎత్తు.

"మేస్త్రి గారూ, దీన్ని నా రేసుబండికి ఇల్లుగా మార్చాలి," అంది. "వెనక తలుపు కిందికి వాలి ర్యాంపు అవ్వాలి. బండి నడుపుకుంటూ నేరుగా లోపలికి వెళ్లిపోతాను. ముందువైపు రిపేరు బల్ల, పడుకోడానికి రెండు బెర్తులు. బండి నిలబడే చోట పైన ఒక అటక, టైర్లు పెట్టుకోడానికి. అటక కింద ఏడున్నర అడుగులు ఖాళీ ఉండాలి. నా బండి ఎత్తు ఏడడుగుల నాలుగంగుళాలు."

"ఏడున్నరా?" బావ మీసం దువ్వుకున్నాడు. "ఆ కొలత నా ఒంట్లోనే ఉందమ్మా."

నెలా పదిరోజులు గడువు. ఆ మర్నాడు పొద్దున ఐదింటికల్లా ఆవిడ రేసుకి బయల్దేరాలి.

ఆ ట్రైలర్ అంతకుముందు పన్నెండేళ్లు బట్టల సబ్బుపొడి మోసిందన్న సంగతి మాకెవరూ చెప్పలేదు. నేను నీళ్ల పైపు పెట్టి కడగడం మొదలెట్టాను. పది నిమిషాల్లో మోకాళ్ల దాకా నురగ. కడిగినకొద్దీ పెరిగింది. గేటు దాటి వీధిలోకి నడిచింది. ఎదురింటి ముసలావిడ తలుపు తీసి, నురగని చూసి, మళ్లీ తలుపేసుకుంది. మూడు రోజులు కడిగాం. బావ నన్ను తిడుతూనే ఉన్నాడు, సబ్బుపొడి నేనే పోసినట్టు. అక్క మాత్రం సందు చూసుకుని ఇంట్లో దుప్పట్లన్నీ తెచ్చి ఉతికి పారేసింది.

ఆ తర్వాత పని పరుగందుకుంది. బావ వెనక తలుపులు కోసి ర్యాంపు కట్టాడు. నేల మీద జారకుండా గీతల రేకు పరిచాడు. పక్కన మనిషి పట్టే తలుపు పెట్టాడు. ఒక్కటే వింత. ఇంతకుముందు నేల మీద నిలబడి చెయ్యి చాచి చేసే అతుకుల్ని, ఇప్పుడు పొడుగాటి స్టూలు ఎక్కి గుండెల ఎత్తులో పెట్టుకుని చేస్తున్నాడు.

"ఏం బావా, సింహాసనం ఎక్కావు, పట్టాభిషేకం ఎప్పుడు?" అన్నాను.

"రాజుకి మంచి మంత్రి దొరకాలిగా. ఉన్నవాడివి నువ్వొక్కడివే, అందుకే ఆగింది," అన్నాడు.

నేను నవ్వేసి ఊరుకున్నాను. కళ్లెదుట ఉన్నదాన్ని చూడకుండా జోకులేస్తూ కూర్చున్నందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

అటకకి గుర్తు పెట్టే రోజున బావ నన్ను వైరు చుట్ట తెమ్మని బజారుకి పంపాడు. తిరిగొచ్చేసరికి ట్రైలర్ గోడ మీద సుద్దగీత ఉంది. ఆ ఒక్క గీతని పట్టుకుని ఎనిమిది అడ్డదూలాలూ వరసగా అతికేశాడు. మట్టం పెట్టి చూస్తే వెంట్రుకవాసి తేడా లేదు. దాన్ని ఎవరు మళ్లీ కొలుస్తారు? మా షెడ్డులో అది సూర్యుణ్ణి ఏ దిక్కున పొడిచావని అడగడంతో సమానం.

కొలిచింది ఒక్క మా అక్కే, అదీ తన తెర కోసం. బండికి దుమ్ము పట్టకుండా అటక అంచు నుంచి నేల దాకా తెర కావాలన్నారు. అక్క టేపు పెట్టి కొలిచింది. టేపు వంక కాసేపు చూసింది. మళ్లీ కొలిచింది. తర్వాత ఆ టేపుని చెత్తబుట్టలో పడేసి, కొత్తది కొనుక్కోడానికి చెప్పులేసుకుని వెళ్లిపోయింది. తెర మాత్రం ఏడున్నర అడుగులకే కత్తిరించింది. బిగించాక చూస్తే అడుగున నాలుగంగుళాలు నేల మీద జీరాడుతోంది.

"ఇదేంటక్కా, పెళ్లికూతురి చీరలా?" అన్నాను.

"జీరాడితేనే దుమ్ము ఆగుతుంది. నీ రంగులు నువ్వు చూసుకో," అంది. అంత విసుగ్గా ఆవిడ నాతో ఎప్పుడూ మాట్లాడదు.

గడువు ఆఖరిరోజు మధ్యాహ్నం దుమ్ము మేడమ్ తన మెకానిక్‌నీ రేసుబండినీ వెంటబెట్టుకొచ్చింది. బండికి తలుపుల్లేవు, అద్దాల్లేవు. అన్నీ పైపులే. టైర్లు నా నడుమెత్తు ఉన్నాయి. ర్యాంపు దించాం. బండి గుర్రుమంటూ ఎక్కింది, లోపలికి దూరింది, మొదటి దూలం దగ్గర టంగుమంది.

అందరం బావ వైపు తిరిగాం. బావ మాత్రం తొణకలేదు.

"ఖాళీ బండి కదమ్మా, మునివేళ్ల మీద నిలబడింది," అన్నాడు. "నలుగురు మనుషులు ఎక్కితే దిగుతుంది."

"మేం కొలిచింది ఖాళీ బండినే మేస్త్రి గారూ," అని మెకానిక్ నసిగాడు. బావ అటువైపు చూడనే లేదు.

ఎక్కాం. దుమ్ము మేడమ్ స్టీరింగు దగ్గర, పక్కన మెకానిక్. వెనక పైపుల మధ్య నేను మడత పడ్డాను. మా అక్క చీర చెంగు నడుముకి దోపుకుని స్పేర్ టైరు మీద కూర్చుంది. చాలలేదు. ఎదురు గోదాములో బస్తాలు మోసే అన్నదమ్ములిద్దర్నీ పిలిచి చెరోవైపు వేలాడమన్నాం. స్ప్రింగులు నిట్టూర్చాయి. బండి వంగింది. అందరం తలలు మోకాళ్లలో పెట్టుకున్నాం. బండి మెల్లగా అటక కిందికి జారి, ఆఖరి దూలం దాకా వెళ్లి ఆగింది. చప్పట్లు కొట్టాం. బావ మీసం మెలేశాడు.

ఆ తర్వాత దిగడం మొదలెట్టాం. ఒక్కొక్కరూ దిగుతుంటే బండి ఒక్కో మెట్టు లేస్తోంది. అన్నదమ్ములు దిగారు, లేచింది. నేను పాక్కుంటూ బయటపడ్డాను, ఇంకాస్త లేచింది. ఆఖర్న మా అక్క కాలు కింద పెట్టగానే కిర్రుమని అటకకి కరుచుకుంది. ముందుకు రాదు, వెనక్కి పోదు.

మెకానిక్ ఇక ఎవర్నీ అడగలేదు. ఇనప టేపు తీసి నేల నుంచి దూలానికి పట్టాడు.

"ఏడడుగుల రెండంగుళాలు," అన్నాడు. రెండోచోట పట్టాడు. అక్కడా అంతే.

నాలుగంగుళాలు తక్కువ. దుమ్ము మేడమ్ వాచీ చూసుకుంది. "రేపు ఐదింటికి నేను రోడ్డెక్కాలి మేస్త్రి గారూ," అంది. కోపంగా అన్నా బాగుండేది, భయంగా అంది.

బావ ఆ దూలం వైపే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత హోల్డర్ తీసి వెల్డింగ్ మిషను మీద పెట్టాడు. పెట్టి, కొక్కేనికి తగిలించిన చొక్కా అందుకున్నాడు. ముప్పై ఎనిమిదేళ్లుగా వింటున్న మాట నిజమైపోతోందని మా అందరికీ అర్థమైంది. ఆయన లేని షెడ్డులో నేనేం చెయ్యను? ఎవరికి రంగులేస్తాను? ఎవరి చేత తిట్లు తింటాను?

చొక్కాలోకి ఎడంచెయ్యి దూర్చాడు. కుడిచెయ్యి దూరలేదు. వెనక్కి పోదు, పైకి లేవదు. భుజం గుంజుకుంటే పళ్లు బిగబట్టాడు. ఖాళీ చొక్కాచెయ్యి వీపు మీద వేలాడుతోంది. అందరి ముందూ ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. అప్పుడు అక్క వెళ్లి, రోజూ చేసే పనిలా, చొక్కా తీసి కుడిచెయ్యి ముందు ఎక్కించి ఎడంచెయ్యి తర్వాత తొడిగింది.

"ఎన్నాళ్ల నుంచి బావా?" అన్నాను.

"ఆర్నెల్లు. భుజం పట్టేసింది," అన్నాడు నేల చూస్తూ. "ఎంత తగ్గిందో నాకు తెలుసు అనుకున్నా. చెయ్యి అందిన చోటికి మూడు వేళ్లు పైన కలిపి గీత గీశా."

"ఎడం చెయ్యి ఎత్తి కొలిస్తే పోయేది కదా?"

"ఈలోపు నువ్వు బజారు నుంచి వచ్చేస్తే, ఎడం చెయ్యి ఎందుకు ఎత్తావని అడగవూ?"

"అడుగుతాను."

"అందుకే."

గేటు వైపు నడవబోయాడు. అక్క అడ్డం నిలబడింది.

"ఎక్కడికయ్యా? నేనూ తప్పు చేశాను, నేనేం ఇంటికి పోతున్నానా? టేపు రెండుసార్లు పట్టినా నాలుగు తక్కువే చూపించింది. టేపు సాగిపోయిందనుకున్నాను. తెర జీరాడినప్పుడు తెలిసింది. అయినా నమ్మబుద్ధి కాలేదు. నీ మాట మీద మంచి టేపుని చెత్తలో వేశాను."

"కొలత తప్పింది. ఇంకేం మాట్లాడతావు?"

"కొలతేం తప్పలేదు. ఏడున్నర అడుగులు ఏడున్నర అడుగుల్లాగే ఉన్నాయి, ఎక్కడికీ పోలేదు. లేవనిది నీ చెయ్యి. నీది లేవకపోతే ఇంకోళ్లది లేపు. ఇంత పెద్ద షెడ్డులో చేతులకేం కరువా? ఊరికే హోల్డర్ మీద అలుగుతావేంటి?"

మా అక్క అరిస్తే ఎదురు చెప్పే మగాణ్ణి నేనింకా చూడలేదు. బావ కాసేపు ఆవిడని, కాసేపు ఇరుక్కున్న బండిని చూశాడు. చొక్కా విప్పడానికి మళ్లీ అక్కే సాయం పట్టింది. కొక్కేనికి తగిలించాడు.

మెకానిక్ బండిని బెల్టులతో నేలకి బిగించి, స్ప్రింగులు అణిచి, వెనక్కి లాగేశాడు. బావ ఎనిమిది దూలాలూ కోసి దించాడు. దించాక నా వైపు తిరిగాడు.

"ఒరేయ్, ఇలా రా. గోడకి ఆనుకో. చెయ్యెత్తు."

ఎత్తాను. అక్క కొత్త టేపు పట్టి చూసి, "ఏడడుగుల మూడంగుళాలు," అంది.

"తెలుసు, వీడెప్పుడూ తక్కువేగా," అని బావ మూలకి వెళ్లి మూడంగుళాల మందం చెక్క వెతికి తెచ్చి నా కాళ్ల దగ్గర పడేశాడు. "ఎక్కు."

ఎక్కాను. నా వేలి కొస దగ్గర ఎడంచేత్తో సుద్దగీత గీశాడు. మెకానిక్ ఇనప టేపు తియ్యబోతే అక్క కళ్లతోనే ఆపేసింది. ఒక్క గీతతో సరిపోయేదానికి బావ నన్ను దూలానికి రెండు వైపులా, పదహారు చోట్ల నిలబెట్టాడు. చెక్క మోసుకుంటూ తిరిగాను. "కదలకు. మడమలు లేపకు. ఊపిరి గట్టిగా పీల్చకు, పెరుగుతావు," అని ఒకటే సతాయింపు. నా చెయ్యి తిమ్మిరెక్కింది గానీ దించబుద్ధి కాలేదు. ముప్పై ఏళ్లలో బావ నన్ను పనిలో పెట్టుకోవడం అదే మొదటిసారి. నాకెంత సంతోషం వేసిందో చెప్పలేను.

బావ స్టూలెక్కి ఆ గీతల దగ్గర దూలాలన్నీ మళ్లీ అతికాడు. సాయంత్రం ఇంకా వెలుగుండగానే బండి మళ్లీ ఎక్కింది. దాని నెత్తికీ దూలానికీ మధ్య రెండంగుళాల ఖాళీ. తెర అంచు నేలని తాకీ తాకనట్టు ఆగింది. దుమ్ము మేడమ్ బావకి రెండు చేతులూ జోడించి, మా అక్కని కావలించుకుని, సగం దుమ్ము ఆవిడకి అంటించింది.

బావ చేతులు కడుక్కొచ్చాడు. మెకానిక్ ఉన్నాడు, బస్తాల అన్నదమ్ములు ఉన్నారు, గేటు దగ్గర ఎదురింటి ముసలావిడ కూడా నిలబడి చూస్తోంది. అక్క చొక్కా తియ్యడానికి వెళ్లబోయింది. బావ ఆవిడని వద్దని, చొక్కా తనే తీసుకుని నా దగ్గరికి వచ్చాడు.

"ఒరేయ్, కాస్త ఇది తొడుగు," అన్నాడు అందరికీ వినబడేలా. "కుడిచెయ్యి ముందు. లాగకు, నొప్పి."

తొడిగాను. గుండీలు మాత్రం తనే పెట్టుకున్నాడు.