నూలుకు అగ్గి పెట్టని ఇల్లు

ఇప్పుడు నేనుండే బిల్డింగులో వానలు మొదలుకాగానే వాచ్‌మన్ మోరీ చుట్టూ, మెట్ల కింద బ్లీచింగ్ పౌడర్ చల్లుతాడు. ఆ వాసన మూడో అంతస్తు దాకా ఎక్కి వచ్చి నా గొంతులో కూర్చుంటుంది. తక్కినవాళ్లకు అది శుభ్రం వాసన. నాకు మాత్రం పదకొండేళ్ల వయసులో అరచేతుల తోలు ఊడొచ్చిన ఒక శుక్రవారం, ఆ తర్వాత నా మీద పడ్డ ఒక నింద గుర్తొస్తాయి. ఇన్నేళ్లయింది, ఇంక వదిలెయ్యరాదా అంటారు మా ఇంట్లోవాళ్లు. తప్పు నాదైతే ఎప్పుడో వదిలేసేదాన్ని.

తొంభైల చివర మేం భివండిలో, శాంతినగర్‌లో ఉండేవాళ్లం. ముందు మా పెద్దబాపు కార్ఖానా, అందులో పన్నెండు సాంచాలు, వెనక గోడకు ఆనుకొని మా ఒంటిగది ఖోలీ. మరమగ్గాన్ని మేం సాంచె అనేవాళ్లం. నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలిచేదాన్ని. బాపు తన సొంత అన్న సాంచాల మీదే పనిచేసేవాడు కాబట్టి మా ఖోలీ కూడా వాళ్లదే, మా గోడ మీది గడియారం కూడా వాళ్లు వద్దనుకున్నదే. సాంచాలు నడిచినంతసేపు గోడలు వణికేవి, గూట్లోని గిన్నెలు ఒకదానికొకటి తగిలి గణగణమనేవి, మాటలు చెవుల్లోకి అరిచి చెప్పుకోవాల్సి వచ్చేది. నూలు దూది గాల్లో తేలుతూ వచ్చి అన్నం మీద, నూనె రాసిన జడల మీద, దేవుడి పటాల మీద వాలేది. వారానికి ఒక్క శుక్రవారం కరెంటు బందు. ఆ రోజు పొద్దున చెవుల్లో హోరుమనే నిశ్శబ్దంతో లేచి, మనుషుల గొంతులు అసలు ఎలా ఉంటాయో విని ఆశ్చర్యపోయేవాళ్లం.

కార్ఖానాలో ఒక పిల్లి ఉండేది. నల్లటి పిల్లి, నుదుటి మీద తెల్లచుక్క, అందుకని చుక్కి. పడుగు పోగులకు పట్టించిన గంజి కోసం ఎలుకలు వచ్చి, ఆ పడుగు చుట్టిన బీములు కొరికేవి. ఒక్క బీము పాడైతే నాలుగు రోజుల పని పోయినట్టే కాబట్టి ఎవరికీ ముద్ద పెట్టని పెద్దమ్మ కూడా చుక్కికి పాలు పోసేది. కండెలు చుట్టే మిషను కింద తెగిన నూలు కుప్పగా పోసి ఉండేది, అదే దాని పక్క. ఎర్ర పోగు, పచ్చ పోగు, తెల్ల పోగు కలగలిసిన ఆ కుప్పను కాళ్లతో మెత్తగా తొక్కి తొక్కి గూడులా చేసుకుంది. బడి నుంచి రాగానే నేను ఆ మిషను పక్కనే బోర్లా పడుకొని మరాఠీ పద్యాలు వల్లించేదాన్ని. అది నా మోచేతిని గరుకు నాలుకతో నాకేది.

ఆషాఢంలో ఒకరోజు అది పాలు ముట్టలేదు. మర్నాటికి పసుపుపచ్చ నురగ కక్కింది. మూడోరోజు నీళ్లగిన్నె ముందు తల వేలాడేసి కూర్చుంది. దాహం తెలుస్తూనే ఉంది, మూతి నీళ్లకు తగులుతూనే ఉంది, ఒక్క గుటక వెయ్యలేకపోయింది. అవ్వ, నేను గోనెసంచిలో పెట్టుకొని పశువుల దవాఖానకు పోయాం. బల్ల మీద పెట్టేసరికే అయిపోయింది. డాక్టరు మరాఠీలో చెప్పిన మాటలు అవ్వకు అర్థం కావు కాబట్టి వినాల్సింది, గుర్తుంచుకోవాల్సింది నేనే. ఇది పిల్లి నుంచి పిల్లికి అంటుకునే రోగం, మనుషులకు రాదు, కానీ ఇంట్లో నెలల తరబడి దాక్కొని ఉంటుంది అన్నాడు. "ఫినైల్ నకో" అని వేలు ఆడించాడు. దానికి ఈ పురుగు చావదట. దుమ్మంతా ఊడ్చి, సబ్బుతో కడిగి, ఆ తర్వాత బ్లీచింగ్ నీళ్లు పోసి పది నిమిషాలు తడిగా వదలాలి. పిల్లి పడుకున్న పక్క మాత్రం కడిగితే పోదు. "జాళూన్ టాకా" అన్నాడు, అంటే కాల్చెయ్యండి అని.

ఇల్లు చేరగానే పెద్దమ్మ ఎదురుగా నిలబడి ఒక్క ముక్క వదలకుండా తెలుగులో చెప్పాను. కాల్చాలన్న మాట రెండుసార్లు చెప్పాను. పెద్దమ్మ పండ్లలో పుల్ల తిప్పుకుంటూ విన్నది.

"మంచిది, గా నూలు సంగతి నేను సూస్కుంట. మీరిద్దరు కడుగుర్రి" అన్నది.

ఆ శుక్రవారం అవ్వ, నేను పొద్దున నల్లా వచ్చిన గంటలో ఇరవై బిందెలు పట్టుకున్నాం. ముందు సాంచాల కింద జిడ్డుతో ముద్దకట్టిన దూదినంతా చేతులతో లాగాం. దూది ఉండగా నీళ్లు పోస్తే మందు దూదికే పోతుంది, నేలకు చేరదు. మా ఖోలీలో గిన్నెలు, డబ్బాలు, పరుపు బయటికి తెచ్చి, వాన వెలిసిన ఆ కాసింత ఎండలో పరిచాం. బకెట్లో పౌడర్ కలిపితే కళ్లు మండి ముక్కు కారింది. పక్కఖోలీ ఆమె తొంగిచూసి, "పిల్లి సస్తె ఇంత మైల పడుతుండ్రేందమ్మా, మనిషి సస్తె ఎంత పడ్తరో" అని నవ్వింది. కొబ్బరిపీచుతో నేను మూలమూలా రుద్దాను. పది నిమిషాలు కావాలి కాబట్టి ఆ గడియారం ముందు నిలబడి కాపలా కాశాను, అవ్వ తొందరపడి చీపురు అందుకుంటే ఆపాను కూడా. సాయంత్రానికి వేళ్ల చివర్లు తెల్లగా ఉబ్బి, అరచేతుల్లో తోలు పొరలుగా లేచింది. అన్నం అవ్వే కలిపి తినిపించింది.

తర్వాత మూడు నెలలు ఎలుకలదే రాజ్యం. బీములు కొరికినప్పుడల్లా పెద్దమ్మ పిల్లి కావాలని గొణిగేది. కండెలు చుట్టడానికి గైబీనగర్ నుంచి ఒకామె వచ్చేది, మేమందరం ఖాలా అనేవాళ్లం. ఆమె ఇంట్లో పిల్లి ఈనింది. బతుకమ్మ రోజులవి. మా సొంతూరి నుంచి బస్సులో వచ్చిన తంగేడు పువ్వు సగం వాడిపోయి ఉండేది, మిగతాదంతా కల్యాణ్ మార్కెట్ బంతిపూలతో నింపేవాళ్లం. ఖోలీ నిండా మలీదముద్దల బెల్లం వాసన, వేయించిన నువ్వుల వాసన. సద్దుల బతుకమ్మ మర్నాడు ఖాలా ఒక బూడిదరంగు పిల్లను కొంగులో చుట్టుకొని వచ్చింది. కానీ నా చేతికి ఇయ్యలేదు. ముందు నా మొహంలోకి చూసి, "బేటీ, ఘర్ పూరా సాఫ్ కియా థా నా?" అని, ఇల్లంతా శుభ్రం చేశారు కదా అని అడిగింది.

పెద్దవాళ్లెవరినీ అడగలేదు. నన్నే అడిగింది. "హాఁ ఖాలా" అన్నాను.

పెద్దమ్మ మురిసిపోయి మిషను కింద మెత్తగా నూలు పోసి దానికి పక్క వేసింది. తొమ్మిదో రోజు ఆ పిల్ల పాలు వదిలేసింది. పదకొండో రోజు నీళ్లగిన్నె ముందు తల వేలాడేసి కూర్చుంది. అలా కూర్చోవడం నాకు తెలుసు. దాన్ని ఎత్తుకొని, కింది నూలును లాగి చూశాను. పైన కొత్త పోగులు. అడుగున ఎర్ర, పచ్చ, తెల్ల పోగులు కలిసి గూడులా గట్టిపడ్డ ముద్ద. దాంట్లో నల్లటి వెంట్రుకలు, ఒకవైపు ఎండిపోయిన పసుపుపచ్చ మరక.

ఆ ముద్దను పట్టుకుపోయి పెద్దమ్మ ముందు పెట్టాను. ఆమెకు సిగ్గు కూడా అనిపించలేదు.

"ఏందే గట్ల సూస్తవ్? నేసెటోళ్ల ఇంట్ల నూలుకు అగ్గి పెడ్తరానే ఎవలన్న? మనకు బువ్వ పెట్టేది గదే. సంచిల ఏసి అటకమీద పెట్టిన, సాంచెలు తుడ్వ పనికొస్తదని. గీ పిల్లకు మెత్తగుంటదని దించిన" అన్నది.

నిజమే, మా ఇళ్లల్లో నూలును కాల్చరు. చిక్కుపడ్డదైనా, జిడ్డుపట్టినదైనా, కాలు తగిలితే కళ్లకద్దుకుంటారు. తెగిన నూలుతోనే సాంచాల నూనె తుడుస్తారు, దీపానికి వత్తులు చేస్తారు. మా బాపు కూడా అగ్గిపుల్ల గీసేవాడు కాదేమో. అది నాకర్థమవుతుంది. కాల్చలేనని ఆ రోజే అంటే, ఊరి బయట గుంట తీసి పాతిపెట్టి వచ్చేవాళ్లం. సూస్కుంట అని మాటిచ్చి దాచిపెట్టింది.

పిల్లిపిల్ల చచ్చిపోయిన రోజు ఖాలా పనికి వచ్చి ఏమైందని అడిగింది. నేను నోరు తెరిచేలోపే పెద్దమ్మ తన విరిగిన హిందీలో, "లడ్కీ నే బరాబర్ నహీ ధోయా" అనేసింది, అమ్మాయి సరిగా కడగలేదని. నేను అవ్వ వైపు చూశాను. అవ్వకు అంతా తెలుసు, ఆ ముద్దను తనూ చూసింది. అవ్వ తల దించుకొని కండెలు బుట్టలో సర్దడం మొదలుపెట్టింది. ఖోలీ వాళ్లది, సాంచాలు వాళ్లవి. ఖాలా తిట్టలేదు. "తూనే హాఁ బోలీ థీ, బేటీ", నువ్వు అవునన్నావు కదా అని మాత్రం అని మిషను ముందు కూర్చుంది. అంతలో కరెంటు వచ్చి పన్నెండు సాంచాలూ ఒక్కసారే మొదలయ్యాయి. నేను చెప్పింది ఎవరికీ వినపడలేదు.

ఆ తర్వాత పెండ్లిళ్లలో, పురుళ్లలో పదిమంది కూడినచోట పెద్దమ్మ నన్ను చూపించి, "ఇగో, మా పిల్లులను సంపిన పోరి గిదే" అనేది. అందరూ నవ్వేవాళ్లు. పోయేదాకా అంటూనే ఉంది. చివరిసారి చూడబోయినప్పుడు కూడా ఈ సంగతి ఎత్తాను. "ఇంక యాదికున్నదానే నీకు" అని అటు తిరిగి పడుకుంది.

ఇప్పుడు ఆ సాంచాలు లేవు, తుక్కు కింద తూకానికి పోయాయి. పెద్దబాపు కొడుకు కాల్హేర్‌లో ఒక గోదాములో లారీల లెక్క రాస్తాడు. మా ఖోలీ ఉన్నచోట మొబైళ్ల దుకాణం ఉంది. పోయిన ఏడాది నేను గైబీనగర్ పోయి నలుగురిని అడిగి ఖాలా ఇల్లు పట్టుకున్నాను. ఖాలా చనిపోయి ఆరేళ్లయిందట. తలుపు తీసింది ఆమె కోడలు. కూర్చోమని చాయ్ పెట్టింది. అత్తగారికి పిల్లులంటే ప్రాణమని, ఎంతమందికి ఇచ్చిందో లెక్కే లేదని, శాంతినగర్‌లో ఇచ్చిన పిల్లిపిల్ల గురించి మాత్రం ఎప్పుడూ చెప్పలేదని అన్నది. నన్ను అబద్ధాలకోరని ఖాలా ఎవరితోనూ అనలేదన్నమాట. అయినా నేను మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. బ్లీచింగ్, పది నిమిషాలు, అటకమీది సంచి, అన్నీ. నేను అవునన్నది నిజమని నమ్మే అన్నానని చెప్పాను.

ఆమె ఓపిగ్గా విని, ఖాళీ కప్పు నా చేతిలోంచి తీసుకుంటూ, "ఠీక్ హై దీదీ, కోయీ బాత్ నహీ", పర్లేదులే అన్నది.

ఆ మాట చెప్పాల్సింది ఆమె కాదు.