బీడీఓ గారి దొడ్లో లొట్టపీసు

1961 జూన్‌లో నన్ను ఆదిలాబాదు జిల్లాలో, ఇచ్చోడకు కొంచెం అవతల ఉన్న ఒక బ్లాకుకు వ్యవసాయ విస్తరణాధికారిగా వేశారు. అదేదో పెద్ద హోదా అనుకునేరు. పైన బీడీఓ, అంటే బ్లాకు మొత్తానికి అధికారి. కింద ఊళ్లు తిరిగే గ్రామసేవకులు. మధ్యలో ఇద్దరి చేతా మాటలు పడేవాణ్ని నేను. అంతకుముందు పెద్దపల్లి వైపు చేసిన కాలంతో కలిపి నా రెండేళ్ల ప్రొబేషన్ ఆ సెప్టెంబరుతో ముగుస్తుంది. బీడీఓ మంచి రిపోర్టు రాస్తే ఉద్యోగం ఖాయం. రాయకపోతే ఇంటి దగ్గర మా బాపు మగ్గం పక్కన నా కోసం ఇంకో మగ్గం ఖాళీగా ఉంది. తెగిన దారం అతికే ఓపిక నాకు ఏనాడూ లేదు కాబట్టి ఆ మగ్గమంటే నాకు చచ్చేంత భయం.

బీడీఓ గారి క్వార్టరు వెనక దొడ్డి నిండా లొట్టపీసు. కోస్తా వైపు తూటికాడ అంటారని తర్వాత విన్నాను. లేత ఊదారంగు పూలు, విరిస్తే పాలు కారే గుల్ల కాడలు. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. వెనకటి అధికారి ఒకాయన అందానికని రెండు కొమ్మలు తెచ్చి పాతారట. నేను చూసేనాటికి అది స్నానాల గదిని కప్పేసి బావి వైపు బయలుదేరింది. మేకలు కూడా ముట్టవు.

బీడీఓ గారి తల్లిని మేమంతా అవ్వ అనేవాళ్లం. ఆమెకు ఆ దొడ్లో ఒక చిక్కుడు పాదు పెట్టుకోవాలని కోరిక. నన్ను చూసిన మొదటి రోజే అడిగింది: "నువ్వు చెట్ల సదువు సదివినవంట గదా కొడుకా, జర గీ పీడ వదిలియ్యరాదు?"

మర్నాడు బీడీఓ గారు గదిలోకి పిలిచి, ఇది ఆఫీసు పని కాదని మూడుసార్లు చెప్పారు. మూడోసారి చెబుతూ నా ప్రొబేషన్ ఫైలును టేబుల్ మీద ఈ పక్క నుంచి ఆ పక్కకు జరిపారు. నాకు అర్థమైంది.

బుద్ధి ఉన్నవాడైతే ఇద్దరు కూలీలను పెట్టి తవ్వించేవాడు. నేను ట్రెయినింగు అయినవాణ్ని. పద్ధతి ప్రదర్శన పెట్టాను. అంటే ఒక పని ఎలా చేయాలో రైతుల ముందు చేసి చూపించి, తర్వాత టూరు డైరీలో రాసుకోవడం. రెండో భాగం ముఖ్యం. గుడ్డ బ్యానరు కట్టించాను, గ్రామసేవకులను, రైతులను పిలిపించాను, కలుపు మొక్కల మీద ఉపన్యాసం ఇచ్చాను. వేళ్లు గడ్డపారతో తవ్వించి, కాడలను బారెడు బారెడు ముక్కలుగా కోయించి కట్టలు కట్టించాను. మధ్యాహ్నానికి దొడ్డి అద్దంలా ఉంది.

ఆ కట్టలు చూసి అవ్వకు ప్రాణం ఒప్పలేదు. గింత సాపు కట్టెలు పారేస్తరా, చిక్కుడుకు ఊతం పెట్టుకోనా, దడి కట్టుకోనా అని అడిగింది. వ్యవసాయంలో వ్యర్థమంటూ ఏదీ లేదని నేను గొంతు సవరించుకుని చెప్పాను. గ్రామసేవకులు ఆ మాట నోటుబుక్కుల్లో రాసుకున్నారు. మిగిలిన కట్టలను సైకిళ్లకు కట్టుకుని తమ తమ ఊళ్లకు దడులు కట్టడానికి పట్టుకుపోయారు. ఆ సాయంత్రం నా మీద నాకే గౌరవం కలిగింది.

తర్వాత ఎనిమిది రోజులు ముసురు. తొమ్మిదో రోజు అవ్వ కబురు పెట్టింది.

"కొడుకా, నీ కట్టెలకు ఆకులచ్చినయి."

చిక్కుడు గింజ ఇంకా మొలవలేదు. దాని ఊతకర్రలు మాత్రం మొలిచాయి. దడి మొత్తం పచ్చగా ఉంది. సమాన దూరం, సమాన ఎత్తు, తడి నేల. నాటాలని నాటినా అంత బాగా నాటలేను. సిగ్గుతో అన్నీ పీకి కంపోస్టు గుంతలో వేయించాను. బ్లాకులో అంతకంటే సారమైన మట్టి లేదన్న సంగతి ఆ క్షణంలో తట్టలేదు. వారానికి గుంతలోంచి పొదే లేచింది. దడి ఉన్నచోట తెగి మిగిలిన మొదళ్లు కూడా చిగిర్చాయి.

"ఇగ నువ్వు పీకకు బిడ్డా," అంది అవ్వ. "నువ్వు పీకినకొద్ది దానికి బలమొస్తుంది."

ఊళ్ల నుంచి కూడా వార్తలొచ్చాయి. ఏడు ఊళ్లల్లో దడులు చిగిర్చాయని, జనం సంతోషంగా ఉన్నారని ఒక గ్రామసేవకుడు చెప్పాడు. ఎవరితోనూ అనవద్దని బతిమాలుకున్నాను.

ఆగస్టు చివర జిల్లా నుంచి తనిఖీకి ఒక పెద్ద అధికారి వచ్చారు. తనిఖీ అంటే టూరు డైరీలోంచి ఏదో ఒక పని ఎంచి, వెళ్లి కళ్లారా చూడటం. ఆయన వేలు సరిగ్గా నా ప్రదర్శన మీదే పడింది. దొడ్లోకి వెళ్లాం. దడి మళ్లీ నడుమెత్తు పెరిగి పూలతో నిలబడి ఉంది. బయట రెండు మేకలు దిగులుగా చూస్తున్నాయి. ఆయన ముఖం వెలిగిపోయింది. ఇది జీవకంచె అన్నారు. అన్ని ఊళ్లల్లో పెట్టించమన్నారు. ఇలాంటి కుర్రవాణ్ని వెంటనే ఖాయం చేయాలని బీడీఓతో అన్నారు. నేను నోరు మూసుకుంటే చాలు. మూసుకున్నాను, దాచేదేముంది.

అరుగు మీద నుంచి అవ్వ అందుకుంది. "ఏం కంచె సారూ! గది పీకిపారేసిన చెట్టు. గీ పిలగాడు రెండుసార్లు పీకిండు. మల్లొక్కసారి పీకిండంటే ఇంట్లకొస్తది."

నిజమేనా అని ఆయన నన్ను అడిగారు. నిజమేనన్నాను. అంతటితో ఆగవచ్చు. కానీ సిగ్గు మొదలైతే నోరు ఆగదు. ఏడు ఊళ్ల సంగతి కూడా చెప్పేశాను. బీడీఓ గారు కళ్లు మూసుకున్నారు.

తనిఖీ నోటులో ఆయన రెండు వాక్యాలు రాశారు. ప్రొబేషన్ ఆరు నెలలు పొడిగించాలి. ఈలోగా ఆ ఏడు ఊళ్ల నుంచి ఈ మొక్కను ఇతనే స్వయంగా తొలగించాలి.

ఎలా తొలగించాలో నా పుస్తకాల్లో లేదు. అవ్వ చెప్పింది. "మట్టి తగిలితే బతుకుతది. తడి బట్టలెక్క దండెం మీద ఎండెయ్యి, అదే సస్తది." ఆమె అప్పటికే సగం దడిని వేళ్లతో సహా తవ్వి కొట్టంలో తాడు మీద ఆరేసింది. అవి పుల్లలై ఉన్నాయి.

ఆరు నెలలు సైకిలు మీద తిరిగి, వేళ్లతో సహా తవ్వి, ఊరూరా దండేలు కట్టి లొట్టపీసు ఆరేశాను. పిల్లలు దండెం సారు వచ్చిండని వెంటపడేవారు. ఆరు ఊళ్లు శుభ్రమయ్యాయి. ఏడో ఊళ్లో ఒక రైతు కంచెకు అడ్డంగా నిలబడ్డాడు. మేకలు ముట్టవు, పశువులు రావు, ఏదీ వ్యర్థం కాదని చెప్పింది మీరే గదా సారూ అన్నాడు. తిరిగొచ్చి, ఆరే అయ్యాయని రాసి ఇచ్చాను.

మార్చిలో ఉద్యోగం ఖాయమైంది. బీడీఓ గారి రిపోర్టు చాలా ఏళ్ల తర్వాత చూశాను: "అడగకపోయినా నిజం చెబుతాడు. కలుపు పని మాత్రం ఒంటరిగా అప్పగించరాదు."

మొక్కను పీకడం సగం పని, పీకినదాన్ని ఎక్కడ పెడతామన్నది మిగతా సగం అని అక్కడ నేర్చుకున్నాను. ఆ తర్వాత సర్వీసంతా, ఏ ప్రదర్శననైనా ముందు ఒక వానాకాలం నా సొంత దొడ్లో, ఎవరినీ పిలవకుండా చేసి చూసుకున్నాను. వాటిలో సగం రైతుల దాకా వెళ్లలేదు.