మొవ్వుకు కట్టిన పసుపు దారం

గుణదలలోని మా ఇంట్లో డాబా మెట్ల పక్కన ఒక కొబ్బరి చెట్టు ఉంది. పొట్టి రకం. మెట్ల మలుపులో నిలబడి చెయ్యి చాస్తే మొవ్వు అందేది. మొవ్వంటే నడినెత్తిన ఇంకా విచ్చుకోకుండా ముడుచుకుని నిటారుగా నిలబడే లేత ఆకు. చల్లపల్లిలో మా పుట్టింటి పెరటి చెట్టు కాయను మా అమ్మ మొలకెత్తించి నా చేతికిచ్చింది, అదే ఈ చెట్టు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ తల్లిచెట్టు పోయింది. తరవాత అమ్మా పోయింది. అందుకని దీని జోలికి ఎవరొచ్చినా నాకు ఒళ్ళు మండుతుంది.

మా ఆయన కన్నేమో ఆ జాగా మీద. అక్కడ షెడ్డు వేస్తే కారు ఎండకు మాడకుండా ఉంటుందని ఎప్పటినుంచో గొడవ. కిందటేడు వానాకాలంలో కొమ్ము పురుగు మొవ్వులో దూరేసరికి ఆయనకు మంచి సాకు దొరికింది. పురుగును ఇనుప చువ్వతో నేనే లాగి పారేశాను. మట్టల సందుల్లో వేపపిండి, ఇసుక కలిపి కూరాను. అయితే అది లోపల ఎంతవరకు తినేసిందో పైకి తెలియదు. అసలు భయం అదే.

నేను కాలేజీలో ఇంటర్ పిల్లలకు బోటనీ చెబుతాను. ‘అగ్ర విభాజ్య కణజాలం’ అనగానే వెనక బెంచీల్లో ఆవలింతలు మొదలవుతాయి. అందుకే నేను బొబ్బట్టుతో మొదలుపెడతాను. కొమ్మ కొసన కంటికి ఆననంత చిన్న గుబ్బ ఉంటుంది. దాని పైపొరల్లోని కణాలు పక్కలకే చీలుతూ, పిండి సాగినట్టు సాగుతాయి. మొక్కకు చర్మం వాటి నుంచే వస్తుంది. లోపలి కణాలు అన్ని వైపులకూ చీలి, పూర్ణంలా ఒళ్ళు నింపుతాయి. నట్టనడుమ ఉన్నవి తొందర పడవు, మెల్లగా చీలుతూ కొత్త కణాలను అందిస్తూ ఉంటాయి. అంచుల్లో ఒకదాని తరవాత ఒకటి బుడిపెలు లేస్తాయి, అవే ఆకులు. గుబ్బకు కాస్త దిగువన కొన్ని కణాలు సన్నగా సాగి, నీళ్ళు మోసే గొట్టాలుగా మారతాయి. ఇంత పెద్ద చెట్టూ ఆ చిటికెడు చోటి నుంచే వస్తుంది.

మా అత్తగారు రోజూ తెల్లారకముందే డాబా ఎక్కి తులసికి నీళ్ళు పోసి, వెన్నులు తుంచి వస్తారు. తుంచినకొద్దీ అది గుబురుగా పెరుగుతుంది. ఎందుకంటే ప్రతి ఆకు మొదట్లోనూ ఒక మొగ్గ కాచుక్కూర్చుంటుంది, పైకొస పోతే అది లేస్తుంది. కొబ్బరికి ఆ భాగ్యం లేదు. ఉన్నది ఒకటే కొస. అది చస్తే చెట్టు చచ్చినట్టే.

“చచ్చిన చెట్టుకు కాపలా ఎన్నాళ్ళు కాస్తావు?” అన్నారాయన.

“చచ్చిందని మీకెవరు చెప్పారండీ? వచ్చే ఆదివారం దాకా ఆగండి. మొవ్వు పెరగకపోతే మీ ఇష్టం, కొట్టించుకోండి” అన్నాను రోషంగా.

దేవుడి గూట్లోంచి పసుపు దారం తెచ్చి ఒక ముక్క మొవ్వుకూ, సరిగ్గా అదే ఎత్తున ఇంకో ముక్క పక్కనున్న ముదురు మట్టకూ కట్టాను. మట్ట ఇక పెరగదు. లోపల కొస బతికుంటే మొవ్వు దారం పైకి పోవాలి. అంతే లెక్క.

రోజూ కాలేజీకి బయల్దేరే ముందు మెట్లెక్కి చూసేదాన్ని. రెండు దారాలూ ఒకే ఎత్తున ఉండేవి. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. మొవ్వుకు కుంకుమ బొట్టు కూడా కనిపించింది గానీ, మా అత్తగారు గ్యాస్ పొయ్యికీ గేటుకీ బొట్టు పెట్టే మనిషి, పట్టించుకోలేదు. శనివారం క్లాసులో బొబ్బట్టు దగ్గరకు వచ్చేసరికి బోర్డు వైపు తిరిగిపోయాను. ఏడుపొచ్చింది, నిజంగానే. పిల్లలకు జలుబని చెప్పాను.

ఆదివారం పొద్దున్నే చెట్లు కొట్టే మనిషి కత్తీ తాడూ పట్టుకుని వచ్చాడు. మాట ఇచ్చాను కదా, నోరు మూసుకుని వంటింట్లో కూర్చున్నాను. ఇంతలో వాకిట్లో మా అత్తగారి కేక వినిపించింది.

“ఆగవయ్యా బాబూ! మొక్కుకుని దారం కట్టిన చెట్టుని కొడతారటరా? కళ్ళు పోతాయి!”

నేను బయటికి పరిగెత్తాను. “మొక్కు కాదత్తయ్యా, అది కొలత” అన్నాను.

“కొలతేమిటే? నువ్వు ఏదో మొక్కుకున్నావనుకుని రోజూ దణ్ణం పెట్టుకుంటున్నాను. ఏం కట్టావో ఏమో అమ్మాయ్, పొద్దున చూస్తే ఒక దారం పైకి పోయి వంకరగా ఉంటుంది. రెండూ సమంగా ఉండద్దూ? రోజూ విప్పి కిందికి దించి కట్టలేక చస్తున్నా!”

నేను మా అత్తగారిని పట్టుకుని వాకిట్లోనే గిర్రున తిప్పేశాను. “ఓసి నీ దుంపతెగ, పడతానే!” అని ఆవిడ గోల. మా ఆయన ఆ మనిషికి టీ ఇప్పించి పంపేశారు. “ఎండలో కారు మాడితే మీరిద్దరే రంగు వేయించండి” అని గొణిగారు గానీ, ఆయన మొహంలోనూ నవ్వే ఉంది.

కొన్నాళ్ళకు ఆ ఆకు విచ్చుకుంది. అంచులు రెండు వైపులా ఒకే తీరున కత్తెరతో కోసినట్టున్నాయి. లోపల మడతలో ఉన్నప్పుడు పురుగు ఒక్కచోట కొరికితే, విప్పాక ఆ గాటు అన్ని రెక్కల మీదా కనిపిస్తుంది. దాని వెనకాల వచ్చిన ఆకుకు మాత్రం ఒక్క గాటూ లేదు. అప్పుడు నా మనసు నిమ్మళించింది.

దారం ఆ కత్తిరింపుల ఆకుకే ఉండిపోయింది. ఒకరోజు పొద్దున్నే మెట్ల మలుపులోంచి మా అత్తగారు పిలిచారు.

“అమ్మాయ్, ఎంత చెయ్యి చాచినా దారం అందట్లేదే. ఎలా దించను?”

“దించకండి అత్తయ్యా” అన్నాను.