పేరు పెట్టి పిలిస్తే పలికే డబ్బా

నా భార్య ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా నన్ను పేరు పెట్టి పిలవలేదు. మొగుడి పేరు పలకకూడదని వాళ్లమ్మ చెప్పిందట. ఊరందరికీ నేను ముత్తయ్యను, ఆమెకు మాత్రం "ఏమయ్యో". ఈ బాధ నాకు పెళ్లయినప్పటి నుంచి ఉంది.

ఆమెకు చదువు రాదు. రిమోట్‌లో ఏదో నొక్కుతుంది, టీవీ ఎటో పోతుంది. "ఏమయ్యో, జర ఇటు రా" అని కేక వేస్తుంది. ఇంటి వెనక పామాయిల్ తోటలో పని వదిలి నేను పోవాలి. విసుగొచ్చి ఈ రోజు ఆమెను సత్తుపల్లిలో టీవీల షాపుకు తీసుకుపోయాను. ఆమెకు సులువుగా ఉండేది చూపించమన్నాను. షాపతను టీవీకి తగిలించే చిన్న డబ్బా తెచ్చాడు.

"దీనికి మీటలు నొక్కే పని లేదు పెద్దమ్మా. పేరు పెట్టి పిలువు, ఏం కావాల్నో చెప్పు."

అతను దాని పేరు చెప్పగానే ఆమె దాన్ని పేరు పెట్టి పిలిచింది. పాత పాటలు పెట్టమంది. అది పెట్టింది.

"నా పేరు పలకనీకి నోరు రాదు గని, దీని పేరు జల్దీ వచ్చిందే?" అన్నాను.

"గది నా మొగుడా ఏంది?" అంది.

షాపతను నవ్వాడు. నేను నవ్వలేదు, కానీ కొన్నాను.

సాయంత్రం నుంచి లోపల దాన్నే పిలుస్తోంది. నేను బయట అరుగు మీద ఉన్నాను. ఇప్పటిదాకా "ఏమయ్యో" అని కూడా వినపడలేదు.

ఆదివారం దాటితే షాపతను దీన్ని వాపసు తీసుకోడట, తెలిసినవాళ్లు ఆ లోపు చెప్పాలి. ఆ డబ్బాకున్న పేరు తీసేసి ముత్తయ్య అని పెట్టడం కుదురుతుందా, కుదరదా?