మధ్యాహ్నం తగ్గే పగులు

రామగుండం దగ్గర భూమిని పైనుంచే తవ్వే ఒక ఓపెన్‌కాస్టు గని గట్టు మీద సన్నని పగులు ఉంది. దానికి అటొకటి, ఇటొకటి ఇనుప మేకులు దిగ్గొట్టారు. మధ్య దూరం పది మీటర్లు. మేకుల మధ్య ఉక్కు టేపు పట్టి, చివర ప్రతిసారీ ఒకే బరువు వేలాడదీసి, పొద్దున ఆరింటికి ఒకసారి, మధ్యాహ్నం రెండింటికి ఒకసారి కొలత రాయడం యోనా పని. ఏడో తరగతితో చదువు ఆగింది. ఇరవై తొమ్మిదేళ్లుగా గనుల్లోనే ఉన్నాడు. పగులు పెరిగితే గట్టు జారుతుంది, కింద మన్ను తవ్వే షావెల్ యంత్రం దగ్గర మనుషులున్నారు. ఆ సంగతి ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

కొత్తగా వచ్చిన ఆఫీసరు ఆరోన్ మే నెలలో ఆ కొలతల పుస్తకం తిరగేసి నవ్వాడు.

"ఏంది కాకా, పొద్దున తెరుచుకున్న పగులు పగటీలి మూసుకుంటదా? దుకాణం షట్టరా ఇది?"

నిజమే. మధ్యాహ్నం కొలత పొద్దుటి కన్నా రెండు మిల్లీమీటర్ల దాకా తక్కువ ఉంటోంది.

"ఎందుకో తెల్వది సార్. టేపు ఎంత చూపెడితే అంత రాసిన."

"నీడకు కూసొని రాసినవ్. సోమవారం నుంచి వేరేటోడు కొలుస్తడు."

యోనా పుస్తకం చంకన పెట్టుకొని సర్వే గదిలో సుమైరా దగ్గరికి వెళ్లాడు. లెక్కల్లో డిగ్రీ చేసిన ఆమె, శాస్త్ర గణనలకు వాడే ఉచిత సాఫ్ట్‌వేరు ఒకటి సొంతంగా నేర్చుకుంది.

"బిడ్డా, నేను అబద్ధం రాయలే. మరి పగులు ఎట్ల తగ్గుతది? జర చూడు."

"నాకూ గదే తెల్సుకోవాలని ఉంది కాకా. నువ్వు చదువు, నేను కంప్యూటర్ల కొడత."

తొంభై రోజులు, నూట ఎనభై అంకెలు. గీత గీయిస్తే రంపం పళ్లలా వచ్చింది. పుస్తకంలో మబ్బు అని రాసి ఉన్న రోజుల్లో మాత్రం పళ్లు దాదాపు లేవు. సుమైరా ముందుకు వంగింది.

"కాకా, గిది ఎండ పని!"

ఆఫీసులో రాసే ఉష్ణోగ్రతలు పక్కన చేర్చి లెక్క కట్టించింది. ఒక్కో డిగ్రీకి కొలత మిల్లీమీటరులో పదో వంతు తగ్గుతోంది. పది మీటర్ల ఉక్కు వేడికి సాగేది కూడా ఇంచుమించు అంతే. టేపు సాగితే దాని గీతలు ఎడంగా జరిగి, అంకె తక్కువ చూపిస్తుంది.

"టేపు సాగుడు గూడ దొరికేటంత సాఫ్‌గ కొలిచినవ్. నీడకు కూసున్నోడు గిట్ల రాయలేడు."

"గది సరే. ఎండను తీసేస్తే పగులు ఏమంటది?"

చేత్తో చేస్తే రోజులు పట్టే తీసివేత క్షణంలో అయింది. పళ్లు పోయి నున్నటి గీత మిగిలింది. చివరి పదకొండు రోజుల్లో అది పైకి వంగుతోంది. అంటే పగులు నిజంగానే తెరుచుకుంటోంది.

ఆరోన్‌ను పిలిచి చూపించారు. ఆయన ఫోను తీసి షావెల్‌ను వెనక్కి జరపమన్నాడు. తర్వాత టోపీ పెట్టుకున్నాడు.

"పద కాకా, రెండైతంది. నేను గూడ వస్త."

గట్టు మీద ఆరోన్ మోకాళ్ల మీద కూర్చొని అంకె చదివాడు. యోనా పెన్ను తీయలేదు.

"మళ్ల చూడు సార్. మొదటిసారి చూసింది నేను రాయ."