మా అత్తమ్మ పట్టిన పంతం

మా ఊరి చర్చి రెండుగా చీలింది గ్లాసుల దగ్గర. చెబితే నవ్వుతారు గానీ జరిగింది అదే. కరోనా తగ్గి చర్చి మళ్లీ తెరిచినప్పుడు ప్రభువు బల్ల, అంటే రొట్టె ముక్కా ద్రాక్షరసమూ, ఎట్లా ఇవ్వాలన్న మాట వచ్చింది. అంతకుముందు ద్రాక్షరసం ఒకే గిన్నెలో పోసి మా పాస్టరు అయ్యగారు వరసగా అందరి నోటికీ అందించేవారు. రోగాల కాలం కదా, చిన్న చిన్న గ్లాసుల్లో ఎవరిది వాళ్లకు పోద్దామని కొందరన్నారు. తాతల నాటి పద్ధతి మార్చేది లేదని కొందరన్నారు. నిలబడి మాట్లాడుకున్నంతసేపు బాగానే ఉంది. కుర్చీలు తెప్పించుకుని కూర్చున్నాక మాటలు పెరిగాయి. చివరికి గ్లాసుల వాళ్లు లేచిపోయి, కాల్వ పక్కన రేకుల షెడ్డు ఒకటి కిరాయికి తీసుకుని, సూర్యాపేట నుంచి ఒక కుర్ర పాస్టరును పిలిపించుకున్నారు.

మాది నిడమనూరు దగ్గరి పల్లె. నేను కోదాడ వైపు నుంచి ఆ ఇంటికి పెద్ద కోడలిగా వచ్చాను. నా భర్త గిన్నె పక్షం, మా మరిది గ్లాసుల పక్షం. ఒకే ప్రహరీలో రెండు వంటిళ్లు, నడుమ వాకిలి. అన్నదమ్ములు పొలానికి కలిసే వెళ్లేవారు, ఒకే మోటారు కింద నీళ్లు పారించుకునేవారు, ఒకే సద్ది విప్పుకుని తినేవారు. ఆదివారం వచ్చిందంటే మాత్రం ఒకరు గేటు దాటేదాకా ఇంకొకరు చెప్పులు తొడిగేవారు కాదు. చర్చీలు రెండూ మైకులు ఎదురెదురుగా కట్టాయి. ఈ పాట ఆ పాటలో కలిసి ఏదీ అర్థమయ్యేది కాదు. గొర్లు కాసుకునే మా పక్కింటి పెద్దమ్మ నన్ను ఆపి, "మీ దేవునికి చెవుడొచ్చిందా బిడ్డా, గంత మొత్తుకుంటున్నరు" అని అడిగేది.

ఆ రోజుల్లోనే మా అత్తమ్మ బాత్రూం దగ్గర జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. మిర్యాలగూడ దవాఖానలో రాడ్ వేసి పంపించారు. అప్పటినుంచి ఆమెకు నవారు మంచమే లోకం. బాప్తిస్మం తీసుకున్ననాటి నుంచి నెల మొదటి ఆదివారం బల్ల తప్పని మనిషి. నాట్ల రోజుల్లో కూడా బురద కాళ్లు కాల్వలో కడుక్కుని వచ్చి కూర్చునేది. మంచాన పడ్డవాళ్లకు ఇంటికే వచ్చి బల్ల ఇవ్వడం మాలో ఆనవాయితీ. అట్లా మొదటి ఆదివారం మధ్యాహ్నం అయ్యగారు వచ్చారు. సాయంత్రం కుర్ర పాస్టరు వచ్చాడు. ఇద్దరికీ ఆమె ఒకటే మాట చెప్పింది.

"నా కొడుకులిద్దరు ఒక్కకాడ కూసోని తీస్కుంటేనే నేను తీస్కుంట. లేకుంటే నాకొద్దు."

మా ఆయన్ని అడిగితే, వాణ్ని రావద్దని తానేమన్నా అన్నానా అన్నాడు. మరిదిని అడిగితే, ముందు అన్న పిలవాలి కదా అన్నాడు. ఇద్దరూ సిద్ధమే, ఎవరూ కదలరు. నెల తరువాత నెల అయ్యగారు వచ్చేవారు, పాస్టరు వచ్చేవాడు. రొట్టె కనబడగానే ఆమె పెదవులు బిగించి గోడ వైపు తిరిగేది. మోటారు సైకిల్ చప్పుడు దూరమయ్యాక కొంగుతో కళ్లు తుడుచుకునేది. అది నేను చూశాను, మా తోడికోడలు కూడా చూసింది.

చలికాలంలో మళ్లీ దవాఖానకు తీసుకుపోతే డాక్టరు గుండె బలహీనంగా ఉందన్నాడు, ఏం తినాలనిపిస్తే అది పెట్టండన్నాడు. ఆ మాటకు అర్థం ఏమిటో మాకు తెలియదా? ఆమె ఆశపడేది ఒక్క రొట్టె ముక్కకే. అది నోట పడకుండానే ఆమె వెళ్లిపోతుందేమోనని నాకు అన్నం సహించేది కాదు.

రొట్టె సంగతి కొంచెం చెప్పాలి. మా ఊళ్లో బల్లకు వాడే పులియని రొట్టె ఇంట్లో చేసిందే. ఏళ్ల తరబడి చర్చికంతా చేసింది మా అత్తమ్మే. ఆమె పడ్డాక పెద్ద చర్చికి నేను చేసేదాన్ని, షెడ్డుకు మా చెల్లె, అంటే తోడికోడలు చేసేది. బల్లకు ముందు శనివారం సాయంత్రం నా పొయ్యి మీద ఒక రొట్టె, ఆమె పొయ్యి మీద ఒక రొట్టె.

వానాకాలం మొదలయ్యాక అట్లాంటి ఒక శనివారం చెల్లె పిండి గిన్నె పట్టుకుని నా వంటింట్లోకి వచ్చింది. గ్యాస్ ఖతమైందని, నాది అయ్యాక తనది కాల్చుకుంటానని అంది. వాకిట్లోంచి అత్తమ్మ అంతా వింటూనే ఉంది.

"రెండెందుకే? ఒక్కటే పెద్దగ చెయ్యిండ్రి, చెరి సగం తీస్కపోండ్రి. గ్యాస్ మిగులుతది."

గ్యాస్ కోసమే అందో, మరెందుకన్నా అందో నాకు ఈనాటికీ తెలియదు. రెండు పిండ్లూ ఒక్క ముద్ద చేసి, పెనం నిండుగా ఒక రొట్టె కాల్చాం. నడుమకు విరిచి, నా సగం నా తెల్లగుడ్డలో, ఆమె సగం ఆమె తెల్లగుడ్డలో చుట్టుకున్నాం. అందులో దాపరికం ఏమీ లేదు. అడిగినవాళ్లు లేరు, మేం చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నుంచీ ముసురు. మధ్యాహ్నం రావాల్సిన అయ్యగారు వాన కాస్త తగ్గాక సాయంత్రం బయలుదేరారు. అప్పుడే కుర్ర పాస్టరూ వచ్చాడు. గేటు దగ్గర ఇద్దరూ ఎదురుపడి, మీరు పదండంటే మీరు పదండని తడుస్తూ నిలబడ్డారు. నేనే వెళ్లి ఇద్దర్నీ లోపలికి పిలిచి రెండు కుర్చీలు వేశాను. వాన వల్ల అన్నదమ్ములూ ఇంట్లోనే ఉన్నారు, చెరొక గుమ్మంలో. అత్తమ్మ మంచం ఆ పూట వరండాలోకి జరిపి ఉంది.

ఆమె ఆ రోజు గోడ వైపు తిరగలేదు. వాళ్లు తెచ్చిన రొట్టె డబ్బాలు తెరవమంది. తెరిచారు. ఈ రొట్టె ఎవరు చేశారని అడిగింది. అయ్యగారు నన్ను చూపించారు, పాస్టరు మా చెల్లెను చూపించాడు. చెల్లె నోరు ఆగే మనిషి కాదు.

"ఒక్కటే రొట్టె అయ్యగారు. నిన్న నాకు గ్యాస్ అయిపోయింది. అక్క పొయ్యి మీదనే చేసి సగం సగం పంచుకున్నం."

అత్తమ్మ కొడుకులిద్దరినీ మార్చి మార్చి చూసింది.

"పొద్దుగాల నువ్వు గుళ్లె తిన్నది, వాడు షెడ్డుల తిన్నది ఒక్కటే. తినంగ ఏమన్న అయ్యిందా?"

ముందు నవ్వింది అయ్యగారే. పొట్ట కదిలేలా నవ్వారు. పాస్టరు బిత్తరపోయి అటూ ఇటూ చూసి, తనూ నవ్వేశాడు. అన్నదమ్ములు మాత్రం నవ్వలేదు. తలలు దించుకున్నారు.

"ఇగ నన్ను లేపుండ్రి" అంది అత్తమ్మ. రోజూ లేపేది మేమే కనుక నేనూ చెల్లె ముందుకు వెళ్లాం. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "మీరు గాదు. వాళ్లు."

ఆమెను కూర్చోబెట్టడం ఒక్కరి వల్ల కాదు. ఒకరు వీపు కింద చెయ్యి వేసి ఎత్తాలి, ఇంకొకరు ఆపరేషన్ అయిన కాలు పట్టుకుని మెల్లగా తిప్పాలి. ఇద్దరూ ఒక్కసారే కదలాలి, లేకపోతే ఆమె ప్రాణం పోయినట్టు అరుస్తుంది. మా ఆయన వచ్చి వీపు కింద చెయ్యి వేశాడు.

"తమ్మీ, కాలు పట్టుకో. జర పైలం."

అన్న పిలిచాడు కదా, మరిది వచ్చాడు. ఇద్దరూ ఆమెను లేపి, పడిపోకుండా అటొకరు ఇటొకరు ఆనుకుని అదే మంచం మీద కూర్చున్నారు. అయ్యగారు రొట్టె విరిచారు, పాస్టరు ప్రార్థన చేశాడు. రసం దగ్గరికి వచ్చేసరికి గిన్నెలో పొయ్యాలా, గ్లాసులోనా అని ఇద్దరూ మళ్లీ ఆగారు. తల వెనక్కి వంచి తాగలేని అత్తమ్మకు రెండూ కుదరవు. నేను వంటింట్లోంచి చెంచా తెచ్చిచ్చాను. అదే చెంచాతో తల్లికి పోశారు, పెద్దకొడుక్కి పోశారు, చిన్నకొడుక్కి పోశారు. రోగాలొస్తాయని షెడ్డు దాకా వెళ్లిన మా మరిది ఆ చెంచా తుడవమని కూడా అనలేదు. కళ్లు మూసుకుని నోరు తెరిచాడు. అత్తమ్మ ముక్క నోట్లో పెట్టుకుని ఎంతసేపు నమిలిందో. మింగడం ఇష్టం లేనట్టు నమిలింది.

మేమిద్దరం నాట్లకు వెళ్లే ముఠాలో రెండు చర్చీల ఆడవాళ్లూ ఉన్నారు. మర్నాడు పొలంలో చెల్లె ఈ కథంతా చెబుతుంటే నారు పట్టుకున్న చేతులు ఆగిపోయాయి. ఆ రాత్రి రెండు పక్షాల మగవాళ్లనూ ఇళ్లల్లో ఆడవాళ్లు నిద్రపోనివ్వలేదు. పెద్దలు కొంత గొణిగారు. కానీ గిన్నె కావాలన్నవాళ్లు గిన్నెలో, గ్లాసు కావాలన్నవాళ్లు గ్లాసులో తాగండి, చాప మాత్రం అత్తమ్మ వాకిట్లో ఒక్కటే పరుద్దామని అయ్యగారు తేల్చేశారు. కుర్ర పాస్టరు సరేనన్నాడు.

ఆ తరువాతి నెల మొదటి ఆదివారం మా వాకిలి చాలలేదు. పక్కింటి పెద్దమ్మ గొర్లను బయటికి తోలి, దొడ్డి ఊడ్చి నీళ్లు చల్లి, కూర్చోండని పిలిచింది. మైకు లేదు. అటు కాల్వ కట్ట మీంచి షెడ్డు వాళ్లు, ఇటు బజారులోంచి చర్చి వాళ్లు పాడుకుంటూ వచ్చి మా గేటు దగ్గర కలిశారు. ఎవరు మొదలెట్టాలో తెలియక ఒక్క క్షణం పాట ఆగింది. అప్పుడు కొడుకుల నడుమ కూర్చున్న మా అత్తమ్మ గొంతెత్తింది. ఆమెది ఎప్పుడూ తాళం కంటే ఒక అడుగు ముందే. రెండు చర్చీలూ ఆమె వెంట పడి ఉరకాల్సి వచ్చింది.