పగ్గాలు వదలాల్సిన క్షణం

పోలీసు చర్య ముగిసిన చలికాలంలో నేను ఇంజనీరింగు చదువుతూ చిలకలగూడలో అక్కావాళ్లింట్లో ఉండేవాణ్ణి. బావ నిజాం సర్కారు గుర్రపు దళంలో సవారు. దళం రద్దయింది. గుర్రాలను పరీక్షించి, బాగున్నవాటిని కొత్త ఫౌజు ఉంచుకుంటుందని, తక్కినవాటిని కాల్చేస్తారని చెప్పారు. బావ ఏళ్ల తరబడి ఎక్కిన ఎర్ర ఆడగుర్రం కూడా పరీక్షకు నిలిపే వాటిలో ఉంది.

అది అప్పుడప్పుడు తడబడేది. గిట్టల ముందుభాగం బాగా పెరిగిపోయింది. నాడాలు కొట్టే మనిషి గొడవల్లో ఊరు వదిలి వెళ్లాడు. ఒక గుర్రం గిట్టలు ఎప్పుడూ ఒకే మనిషి చేత కోయించాలని దళంలో పట్టింపు. అందుకే మరొకరిని పిలవడానికి బావ ఒప్పుకోలేదు.

తడబడితే రౌతు చేయాల్సినవి మూడు: పగ్గాలు వదులు చేయడం, నడుము వెనక్కి వాల్చడం, అది నిలదొక్కుకునేదాకా కొట్టకపోవడం. మెడ స్వేచ్ఛగా కదిలితేనే గుర్రం బరువు సరిచూసుకుంటుందని నేను బొమ్మ గీసి వివరించాను.

"ఏంది బామ్మర్దీ, గుర్రానికి సుత నక్షా గీస్తున్నవా? దాని మెడ దానికి ఇడిస్తె అదే లేస్తది," అని నవ్వాడు బావ.

పరీక్ష తిరుమలగిరి మైదానంలో జరిగింది. పాత సవార్లను ఎక్కనివ్వలేదు. మేం తాడు బయట నిలబడ్డాం. కొత్త ఫౌజు జవాను ఒకడు దాన్ని ఎక్కాడు. నడకలో బాగానే ఉంది. పరుగు నడకలో మలుపు తిరుగుతుంటే ముందుగిట్ట నేలకు తగులుకుంది. తల కిందికి పోయింది. జవాను బెదిరి పగ్గాలు గుంజాడు.

"ఇడువు... జెర ఇడువు," బావ గొణిగాడు. ఆయన పిడికిళ్లు గాలిలో విచ్చుకున్నాయి.

"గట్టిగా అరిచి చెప్పు, బావా!"

"నోర్ముయ్యి. అరిస్తె ఇంకా బెదురుతది."

జవాను ఇంకా గట్టిగా గుంజాడు. గుర్రం మోకాళ్లు గులకరాళ్ల మీద పడ్డాయి. వాడు కొరడా ఎత్తాక, ఎలాగో లేచింది. కాళ్ల మీదుగా నెత్తురు కారుతోంది.

పశువుల డాక్టరు మోకాళ్లు చూసి, మెడ మీద సుద్దతో అడ్డగీత గీశాడు. జవాను దాన్ని అవతల కాల్చేసేవాటి వరుసకు నడిపించుకుపోతుంటే బావ తాడు వెంబడి పరుగెత్తాడు. మోకాళ్లలో రాళ్లు దిగాయని, ఒక్కసారి కడగనివ్వమని ఉర్దూలో అడిగాడు.

జవాను ఆగాడు. వాడు బావ ముఖంలోకి చూడలేదు. "ఇక అక్కర్లేదు, చాచా," అని మెల్లగా ఉర్దూలోనే అన్నాడు.

బావ మళ్లీ అదే అడిగాడు.